అంకెకో చిరునామా

ఊరూరా తిరిగి, గడప గడపా ఎక్కి సేకరించిన వివరాలు కంప్యూటర్లో భద్రంగా ఉంటాయి. కానీ ఏ అంకె దేని గురించి చెబుతోందో రాసిపెట్టకుండా ఆ ఫైలును ఇంకొకరి చేతిలో పెడితే... పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒక్కోసారి అంతకన్నా ప్రమాదం కూడా!

2.20.

ఓ భూమి రికార్డులో పొలం విస్తీర్ణం ఇలా రాసి ఉంది. ఇంతకీ ఎంత భూమి అది?

గుంటూరు వైపు రైతును అడగండి. ‘రెండెకరాల ఇరవై సెంట్లు’ అంటారు. అదే కాగితాన్ని కరీంనగర్ రైతుకు చూపించండి. ‘రెండెకరాల ఇరవై గుంటలు’ అంటారు. ఇద్దరూ ఊహ తెలిసినప్పటి నుంచీ పొలంలోనే ఉన్నవాళ్లు. ఇద్దరి మాటా నిజమే. సెంట్లయితే ఎకరానికి వంద, గుంటలయితే నలభై. ఇరవై సెంట్లంటే ఎకరంలో అయిదో వంతు. ఇరవై గుంటలంటే సరిగ్గా అరెకరం. రెంటికీ మధ్య తేడా 1,452 గజాలు. పట్నం శివార్లలో అయితే ఆ తేడాలో ఏడు ఇళ్లు లేస్తాయి!

కాగితం ఊళ్లో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. అక్కడ అందరికీ తెలుసు. ఊరు దాటినప్పుడే అసలు చిక్కు. రెండు రాష్ట్రాల పొలాల వివరాలనూ ఒకే ఫైల్లో చేర్చి, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఓ కుర్రాడికి ‘వీటిని కూడి పెట్టు బాబూ’ అని పంపిస్తే? కూడతాడు. 2.20కి 2.20 కలిపి కంప్యూటర్ 4.40 అని చూపిస్తుంది. గుంటల లెక్కలో అది అయిదెకరాలు! కంప్యూటర్‌కి కూడికలు వచ్చుగానీ గుంటలు రావు. ఎవరైనా చెబితే తప్ప.

పక్క గడిలో ‘1410’ అని ఉందనుకోండి. అది సర్వే నంబరా, శిస్తా, ఇంకేదైనానా? రెవెన్యూ ఆఫీసులో పనిచేసినవాళ్లు చూడగానే చెప్పేస్తారు, అది ఫసలీ సంవత్సరమని. దానికి 590 కలిపితే 2000. అంటే ఆ ఏడాది జులైలో మొదలైన సంవత్సరం. తెలియనివాళ్లకు అది కాకతీయుల పాలన తర్వాతి శతాబ్దం నాటి రికార్డులా కనిపించినా ఆశ్చర్యం లేదు!

అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. అది ఏమిటి, ఎందులో కొలిచారు, ఎవర్ని అడిగారు, ఎప్పుడు అడిగారు... ఇవన్నీ దాని పక్కన ఉండాలి. అంకెకు అదే చిరునామా. గణాంకాలవాళ్లు దీన్ని ‘మెటాడేటా’ అంటారు. డేటా గురించి చెప్పే డేటా అన్నమాట. ఫైల్లోని ఒక్కో నిలువు వరసా ఒక్కో ‘వేరియబుల్’. వేరియబుల్స్ అన్నిటి వివరాలనూ ఒకచోట రాసిపెట్టిన పుస్తకం ‘కోడ్‌బుక్’. పేర్లు కొత్తగా ఉన్నా సంగతి మాత్రం మన వంటింట్లోదే.

బోర్న్‌విటా డబ్బాలో కందిపప్పు

అమ్మ వంటింట్లో అలమర తెరిస్తే వరసగా డబ్బాలుంటాయి. బోర్న్‌విటా అని రాసి ఉన్నదాంట్లో కందిపప్పు. హార్లిక్స్ సీసాలో ధనియాల పొడి. పేరే లేని రెండు స్టీలు డబ్బాల్లో ఒకదాంట్లో ఉప్పు, రెండోదాంట్లో పంచదార. అమ్మ ఉన్నన్నాళ్లూ చీకట్లో కూడా చెయ్యి సరైన డబ్బా మీదే పడుతుంది. ఆమె నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తేనే నాన్న కాఫీలో ఉప్పు పడుతుంది.

సర్వే ఫైళ్ల పరిస్థితీ ఇంతే. వాటిని తయారుచేసిన మనిషి పక్కనే ఉన్నంతకాలం కోడ్‌బుక్ అవసరమే కనిపించదు. ‘క్యూ14బీ అంటే ఏంటండీ?’ అని కేకేస్తే పక్క బల్ల నుంచి సమాధానం వచ్చేస్తుంది. ఆ మనిషికి బదిలీ అయినా, ఉద్యోగం మారినా, చదువు పూర్తయి వెళ్లిపోయినా సమాధానం కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. ఫైలు మాత్రం మిగులుతుంది. ఉప్పో పంచదారో తెలియని డబ్బాలా!

అసలు ఈ పొడి పొడి పేర్లు ఎందుకంటే... దానికీ ఓ కారణం ఉంది. సర్వే వివరాల విశ్లేషణకు ప్రపంచమంతా వాడిన ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లలో చాలాకాలం వేరియబుల్ పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. 2003లో వచ్చిన 12వ వెర్షన్‌తోగానీ ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఆ నిబంధన సడలలేదు. ఇప్పుడు పొడుగు పేర్లు పెట్టుకునే వీలుంది. అలవాటు మాత్రం పోలేదు.

పేరు అర్థమైనంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ లేదు. ‘వయసు’ అని శుభ్రంగా రాసి ఉన్న వరసనే తీసుకోండి. నిండిన ఏళ్లా, నడుస్తున్న ఏళ్లా? జనాభా లెక్కల్లో నిండిన ఏళ్లే రాస్తారు. ఏడాది నిండని పసిబిడ్డ వయసు సున్నా. మన ఇళ్లలో బామ్మను అడిగితే నడుస్తున్న ఏడు చెబుతుంది. మరి వయసు తెలియనివాళ్లకు ఏం రాశారు? చాలా సర్వేల్లో ‘99’ అని రాయడం రివాజు. ఆ సంగతి తెలియకుండా సగటు తీస్తే ఏమవుతుందో చూడండి. పదిమంది ఉన్నారు. తొమ్మిదిమందికి ముప్ఫయ్యేసి ఏళ్లు. పదో మనిషి వయసు తెలియదు, 99 అని పడింది. సగటు 36.9 వస్తుంది! అదే 999 అని రాసి ఉంటే సగటు 126.9 వచ్చి ఎవరైనా ఉలిక్కిపడేవారు. 99 అలా కాదు, గుట్టుచప్పుడు కాకుండా కలిసిపోతుంది. కనిపించే తప్పుకన్నా కనిపించని తప్పే ప్రమాదం.

అటుదిటు... ఇటుదటు

ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. కానీ చిన్న కోడు అటుదిటు అయితే వైద్యుల సలహా కూడా తలకిందులవుతుంది.

అమెరికాలోని ఓ ప్రసిద్ధ వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్న 240 మందిని రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి మామూలు వైద్యం. రెండోవారికి దాంతోపాటు ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సుల తోడు కూడా. ఆరు నెలల్లో ఎవరు ఎన్నిసార్లు మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చిందో లెక్కపెట్టారు. నర్సుల సాయం అందినవారిలో సగటు 0.72, అందనివారిలో 1.40 అని తేలింది. అంటే సగానికి సగం తగ్గినట్టే! 2018లో ‘జామా’ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

తర్వాత మరో విశ్లేషణ కోసం అదే ఫైలును తీసిన పరిశోధకుల గుండెల్లో రాయి పడింది. ఎవరు ఏ బృందమో చెప్పే వరసలో మొదట 1, 2 అని ఉండేవి. విశ్లేషణకు వీలుగా వాటిని 0, 1గా మార్చారు. ఆ మార్చడంలో బృందాలు తారుమారయ్యాయి! నర్సుల సాయం అందినవారికే 1.40, అందనివారికి 0.72. మేలు చేసిందనుకున్న కార్యక్రమంలో ఉన్నవారే ఎక్కువసార్లు ఆసుపత్రి పాలయ్యారన్నమాట. వాళ్లు తప్పును దాచిపెట్టలేదు. 2019లో పాత వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసినదాన్ని ప్రచురించారు.

ఆ నిజాయతీకి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ మధ్యలో దాదాపు ఏడాది గడిచిపోయింది. ఆ ఏడాదిలో ఆ వ్యాసం చదివిన వైద్యులు ఎంతమందో! ‘1 అంటే ఎవరు?’ అన్నది ఎంత చిన్న ప్రశ్నో, అంత పెద్ద ప్రశ్న.

పద్నాలుగేళ్లకే విధురులు!

అమెరికాలోనే 1950 నాటి జనాభా లెక్కల్లో ఓ వింత కనిపించింది. పద్నాలుగు, పదిహేనేళ్ల అబ్బాయిల్లో భార్య చనిపోయినవాళ్లు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. పైగా పద్నాలుగేళ్లవాళ్లలో ఉన్నంతమంది పద్దెనిమిదేళ్లవాళ్లలో లేరు! వయసు పెరిగేకొద్దీ విధురులు తగ్గుతారా ఎక్కడైనా?

ఆన్‌స్లీ కోల్, ఫ్రెడరిక్ స్టీఫన్ అనే ఇద్దరు ఈ చిక్కుముడి విప్పి 1962లో ప్రకటించారు. ఆ రోజుల్లో ఒక్కో మనిషి వివరాలనూ ఒక్కో అట్టముక్క మీద చిల్లులుగా పొడిచేవారు. ఏ వరసలో చిల్లు పడితే ఏమిటన్నది ముందే నిర్ణయం. కొద్దిపాటి అట్టముక్కల మీద మాత్రం చిల్లులు ఒక వరస కుడికి జరిగి పడ్డాయి. అంతే! మగవాళ్లకు ‘1’ అని కోడు. పక్కనే వయసు. వరస జరిగేసరికి ఆ 1 వెళ్లి వయసులో పదుల స్థానంలో కూర్చుంటుంది. నలభై రెండేళ్ల మనిషి వయసులోని 4 ఒకట్ల స్థానానికి వస్తుంది. నలభై దాటిన మనిషి కాస్తా పద్నాలుగేళ్ల కుర్రాడైపోతాడు!

అట్టముక్కల కాలం పోయిందిగా అనుకోవద్దు. వరసను బట్టే అర్థం చెప్పుకునే ఫైళ్లు మన దేశంలోనూ ఉన్నాయి. 1950లో మహలనోబిస్ చొరవతో మొదలైన జాతీయ నమూనా సర్వే గురించి వినే ఉంటారు. దేశంలో ఎవరెంత తింటున్నారో, ఎంత ఖర్చుపెడుతున్నారో, ఎందరికి పని ఉందో చెప్పేది ఆ సర్వేనే. అది పరిశోధకులకు ఇచ్చే ఫైళ్లను తెరిస్తే చాలా ఏళ్లపాటు కనిపించింది ఒక్కటే... మధ్యలో ఖాళీ కూడా లేకుండా పేర్చిన అంకెల బారులు. వాటితోపాటు ‘లేఅవుట్’ అనే మరో పట్టిక ఇస్తారు. ఎన్నో అంకె నుంచి ఎన్నో అంకె దాకా జిల్లా, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కుటుంబంలో మనుషుల సంఖ్య... అన్నీ అందులోనే. లేఅవుట్ ఉంటే ఆ ఫైలు దేశం కథ చెబుతుంది. పోతే అంకెల చెత్తబుట్ట!

అందులోనే ఇంకో మెలిక ఉంది. నమూనా సర్వే కాబట్టి ఒక్కో కుటుంబం వేల కుటుంబాల తరఫున మాట్లాడుతుంది. ఎన్నింటి తరఫునో చెప్పే గుణకం ప్రతి వరసలోనూ ఉంటుంది. దశాంశ బిందువు లేకుండా రాస్తారు కాబట్టి చాలా రౌండ్ల ఫైళ్లలో ఆ గుణకాన్ని వందతోనో, కొన్నిచోట్ల రెండొందలతోనో భాగించాలి. ఏది ఎప్పుడన్నది వెంట ఇచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితం చదవనివారి లెక్కలో దేశ జనాభా నూరు రెట్లు పెరిగిపోతుంది. ఈ తప్పయితే వెంటనే పట్టుబడుతుందిలెండి.

ఒకే ఏడాది... మూడు లెక్కలు

పట్టుబడని తేడాలతోనే గొడవ. మన దేశంలో పేదలు ఎంతమంది అన్న ప్రశ్న మీద ఏళ్ల తరబడి సాగిన వాదోపవాదాల వెనక కూడా ఇలాంటి చిన్న వివరమే ఉంది. ‘ఎన్ని రోజుల ఖర్చు అడిగారు?’ అన్నది.

‘గత నెలలో బియ్యానికి, నూనెకు, కూరగాయలకు ఎంత ఖర్చయింది?’ అని అడిగితే ఇల్లాలు ఒక లెక్క చెబుతుంది. ‘గత వారంలో ఎంత?’ అని అడిగితే ఇంకా బాగా గుర్తుంటుంది కాబట్టి నెలకు లెక్కగట్టినప్పుడు మొత్తం ఎక్కువ వస్తుంది. ఖర్చు ఎక్కువ కనిపిస్తే దారిద్య్రరేఖ దాటినవాళ్లూ ఎక్కువగానే కనిపిస్తారు. ఇంట్లో ఒక్క గింజ కూడా పెరగదు, ప్రశ్న మారిందంతే!

1993-94లో దేశంలో పేదలు 36 శాతమని అధికారిక అంచనా. 1999-2000 నాటికి అది 26 శాతానికి దిగింది. ఆరేళ్లలో పది శాతం తగ్గడమంటే చిన్న విషయం కాదు. కానీ రెండో సర్వేలో ఆహారం మీద ఖర్చును వారానికీ, నెలకూ పక్కపక్క గడుల్లోనే అడిగారు. బట్టలు, చదువుల్లాంటి ఖర్చులను ఏడాది మొత్తానికి అడిగారు. మొదటిదాంట్లో అలా కాదు. మరి తగ్గింది పేదరికమా, ప్రశ్నల తేడానా? ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు.

2004-05 సర్వే వచ్చేసరికి ఈ తేడా ఇంకా స్పష్టమైంది. అన్ని ఖర్చులకూ నెల రోజుల లెక్క తీసుకుంటే పేదలు 27.5 శాతం. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రి ఖర్చు, ఇంట్లో మన్నికగా ఉండే వస్తువులు... ఈ అయిదింటికీ ఏడాది లెక్క తీసుకుంటే 21.8 శాతం. తర్వాత టెండూల్కర్ కమిటీ గీతను మార్చి గీసి అదే ఏడాదికి 37.2 శాతమంది. ఏడాది ఒకటే, దేశం ఒకటే, లెక్కలు మూడు! ‘పేదల శాతం, 2004-05’ అని మాత్రమే తల మీద రాసి ఉన్న వరసలో ఈ మూడింటిలో ఏది ఉన్నా తప్పు కాదు. ఏదో చెప్పకపోవడమే తప్పు. ఒక ఏడాదికి ఒకటి, ఇంకో ఏడాదికి మరొకటి తీసుకుని పోల్చేస్తే పేదరికాన్ని కాగితం మీద పెంచేయొచ్చు, తుంచేయొచ్చు. ఎన్ని కుటుంబాలకు చౌకబియ్యం కావాలన్న చర్చ మొదలయ్యేది ఇలాంటి అంకెల దగ్గరే మరి.

ఇంతకీ ఏ వరంగల్?

అర్థం నిలకడగా ఉండేది ఊరి పేరొక్కటేనని అనుకుంటాం. అదీ లేదు. ‘జిల్లా: వరంగల్’ అని 2011 ఫైల్లో ఉంటే అది ఒకప్పటి ఉమ్మడి జిల్లా. 2016లో జిల్లాల విభజన తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వేరువేరయ్యాయి. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. రూరల్ జిల్లాకు వరంగల్ పేరు వచ్చింది. పదేళ్లలో ఒకే పేరు కింద వేరువేరు భూభాగాలు! తెలంగాణలో పది జిల్లాలు 31 అయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు కాస్తా 2022లో 26 అయ్యాయి. ఏ నాటి హద్దుల ప్రకారమో రాయకపోతే, ‘ఈ జిల్లాలో జనాభా సగానికి పైగా పడిపోయింది’ అని ఎవరైనా కంగారుపడే రోజు వస్తుంది.

అక్షరాస్యత పట్టిక పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరికీ కంఠోపాఠమే. 1951లో 18.33 శాతం, 1971లో 34.45, 1981లో 43.57... పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది. 1971 దాకా లెక్క అయిదేళ్లు, ఆపైన వయసున్నవారిది. 1981 నుంచి ఏడేళ్లు, ఆపైనవారిది. చిన్నపిల్లలను పక్కన పెట్టినప్పుడు శాతం కాస్త పెరగడం సహజం. ఆ ముక్క లేకుండా అంకెలను మాత్రం ఎత్తి రాసుకుంటే 1971కీ 1981కీ మధ్య వచ్చిన పెరుగుదలంతా బడుల పుణ్యమే అనిపిస్తుంది. 2011దీ అంతే. మొదట వచ్చిన తాత్కాలిక లెక్క 74.04 శాతం. తుది లెక్క 72.99. రెండూ ప్రభుత్వ లెక్కలే, రెండూ నేటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పే ఒక్క మాట పక్కన ఉంటే తగువే లేదు.

రాసి ఊరుకుంటే చాలదు

సరే, అన్నీ రాసిపెట్టాం. ఇక నిశ్చింతేనా? అంగారకుడి దాకా వెళ్లిన ఓ నౌక కథ వింటే ఆ మాట అనలేం.

1998 డిసెంబరులో అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ తొమ్మిది నెలలు ప్రయాణించి 1999 సెప్టెంబరు 23న అంగారకుడిని చేరింది. చేరిన కాసేపటికే మూగబోయింది. దాని చిన్న ఇంజిన్ల తోపుడు ఎంతో చెప్పే ఫైలును ఒక సంస్థ తయారుచేసి ఇస్తే, దారి చూపే నాసా బృందం వాడుకునేది. ఇచ్చినవాళ్లు లెక్కను పౌండ్లలో రాశారు. పుచ్చుకున్నవాళ్లు న్యూటన్లు అనుకున్నారు. ఒకదానికొకటి దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. దాంతో అనుకున్న ఎత్తుకన్నా బాగా కిందికి దిగి నౌక నాశనమైంది.

విచిత్రమేమిటంటే, ఏ కొలమానం వాడాలో ఒప్పంద పత్రంలో రాసే ఉంది! న్యూటన్లేనని. ఫైలు మాత్రం దాని ప్రకారం లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అందుకే కోడ్‌బుక్ ఎంత ముఖ్యమో, ఫైలు దానికి తగ్గట్టుందో లేదో చూసుకోవడం అంత ముఖ్యం.

గణాంక శాస్త్రంలో ప్రపంచానికే పెద్దదిక్కుగా నిలిచి, 2023లో నూట రెండేళ్ల వయసులో కన్నుమూసిన మన తెలుగువాడు సి.ఆర్.రావు కూడా ఈ సంగతి మీదే పట్టుపట్టేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన ఆయన, చేతికొచ్చిన డేటాను కోర్టులో సాక్షిని అడ్డుప్రశ్నలు వేసినట్టు ప్రశ్నించాకే విశ్లేషణకు దిగాలని చెప్పేవారు. సాక్షి పొంతన లేకుండా మాట్లాడితే అక్కడే ఆగాలి. పద్నాలుగేళ్ల విధురుల గుట్టు బయటపడింది అలా అడ్డుప్రశ్న వేయబట్టే కదా!

తోడు దొంగ ఇంకొకటి ఉంది. ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరే. ఎక్సెల్‌లో పొలం సర్వే నంబరు ‘5/2’ అని కొట్టి చూడండి. అది తేదీ అనుకుని మార్చేస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడులో ముందున్న సున్నాను మింగేస్తుంది. శాస్త్రవేత్తలకూ ఈ బెడద తప్పలేదు. మార్చ్1, సెప్ట్2 లాంటి పేర్లున్న జన్యువులు తేదీలైపోయాయి. ఎక్సెల్ పట్టికలు జతచేసిన జన్యు పరిశోధన వ్యాసాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఓ పరిశీలన తేల్చింది. చివరికి ఆ జన్యువుల పేర్లే మార్చి, 2020లో కొత్త నియమాలు ప్రకటించారు. సాఫ్ట్‌వేర్‌తో పడలేక మనుషులే సర్దుకున్నారన్నమాట!

అప్పగించే ముందు...

పీహెచ్‌డీ విద్యార్థి గైడుకు ఇచ్చినా, స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వానికి ఇచ్చినా, బదిలీ మీద వెళ్లే ఉద్యోగి కొత్తగా వచ్చినవారికి ఇచ్చినా పద్ధతి ఒక్కటే. కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు ఆమెకు ఏది పడుతుందో, ఏది పడదో వియ్యపురాలికి విడమరిచి చెబుతామే, అలా!

* ప్రతి వరసకూ పూర్తి పేరు రాయాలి. సర్వేలో అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు పక్కనే పెట్టాలి. తెలుగులో అడిగితే తెలుగులోనే.

* కొలమానం తప్పనిసరి. ఎకరాలా, సెంట్లా, గుంటలా? కిలోలా, బస్తాలా? బస్తా అయితే ఎన్ని కిలోలది? రూపాయలయితే నెలకా, ఏడాదికా?

* కోడు ప్రతిదానికీ అర్థం ఉండాలి. 1 అంటే ఎవరు, 2 అంటే ఎవరు. మధ్యలో మారిస్తే ఎప్పుడు, ఎందుకు, ఎలా మార్చారో.

* ఖాళీలు అన్నీ ఒకటి కావు. ‘పిల్లలు ఎందరు?’ అన్న చోట సున్నా ఉంటే పిల్లలు లేరని. చెప్పకపోతే ఒక కోడు, అసలు అడగనే లేదంటే ఇంకో కోడు. మూడింటినీ ఒకే ఖాళీగా వదిలేస్తే తర్వాత విడదీయడం బ్రహ్మతరం కూడా కాదు.

* ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు? 2011 జనాభా లెక్కలకు మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి పన్నెండు గంటలే ప్రమాణం. ఆ తర్వాత పది నిమిషాలకు పుట్టిన బిడ్డ ఆ లెక్కలోకి రాదు. అంత స్పష్టంగా ఉండాలి.

* లెక్కగట్టి చేర్చిన వరసలుంటే (తలసరి ఆదాయం లాంటివి) ఏ వరసలను దేనితో భాగించారో సూత్రం రాయాలి.

* మొదట సేకరించిన ఫైలును ముట్టుకోకుండా విడిగా దాచాలి. మార్పులన్నీ నకలులోనే. ఎన్ని వరసలు, ఎందరి వివరాలు ఉన్నాయో సంఖ్య రాస్తే అందుకున్నవారు సరిచూసుకుంటారు.

* పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు తీసేశాకే అప్పగించాలి. నమ్మి చెప్పినవాళ్ల గుట్టు కాపాడటం మన బాధ్యత. ఏ వరసలు తీసేశారో మాత్రం రాయాలి.

ఇదంతా ఆఖరి రోజున కూర్చుని రాసే పని కాదు. అప్పటికి సగం మరిచిపోతాం. ప్రశ్నపత్రం తయారవుతున్నప్పుడే కోడ్‌బుక్ కూడా మొదలుపెడితే రోజుకు నాలుగు లైన్లతో పోయేదానికి, చివర్లో నెల రోజులు తల పట్టుకోవాల్సి వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా సర్వే డేటాను భద్రపరిచే సంస్థలు ఒకే తీరులో వివరాలు రాసుకోవడానికి 1995 నుంచి ‘డీడీఐ’ అనే ఉమ్మడి పద్ధతిని తయారుచేసుకుంటూ వచ్చాయి. అంత పెద్ద ఏర్పాట్లు లేనివారికి మామూలు నోటుపుస్తకం చాలు. ఉండాల్సింది ఓపిక.

రాసింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. ఆ పనితో ఏ సంబంధం లేని మనిషికి ఫైలునూ కోడ్‌బుక్‌నూ ఇచ్చి మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టమనండి. ఒక్క షరతు... మీకు ఫోన్ చేయకూడదు. చేయకుండా చెప్పగలిగితే మీరు నిశ్చింతగా బదిలీ మీద వెళ్లొచ్చు!

నాన్న షుగర్ పుస్తకం

‘ఈ సర్వేలూ ఫైళ్లూ మనకెందుకులే’ అనుకుంటున్నారా? అయితే మీ ఇంట్లో టీవీ పక్కన ఉన్న చిన్న పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. నాన్న తన షుగర్ రీడింగులు రాసుకునే పుస్తకం. 140, 152, 138, 171... పేజీల కొద్దీ అంకెలు. ఒక్కరోజు కూడా మానకుండా రాశారు పాపం.

డాక్టరు ఆ పుస్తకం తిరగేసి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ‘ఇది పరగడుపునా, తిన్న తర్వాతా?’

పరగడుపున 140 అంటే ఎక్కువే. మందు గురించి ఆలోచించాలి. భోజనం చేసిన రెండు గంటలకు 140 అంటే మధుమేహం ఉన్న మనిషికి అది మంచి అంకె. అంకె ఒకటే. వైద్యం వేరు. నాన్న పక్కన ఉంటే చెబుతారు. ఏ అర్ధరాత్రో స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ పుస్తకం మాత్రమే ఆయన తరఫున మాట్లాడాలి.

అందుకే ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఆ పుస్తకంలో నిలువుగా మూడు గీతలు గీయండి. తేదీ, సమయం, తిన్నారా లేదా అని పైన రాయండి. కోడ్‌బుక్ అంటే అంతకు మించి ఏమీ లేదు.